బిక్షమ్మ వదలని సీటు

రామన్నపేట బస్టాండుకు ఎదురుగా నాకో జిరాక్సు, ఆన్‌లైన్ సెంటరు ఉంది. పదకొండేళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల పిల్లల ఎంసెట్ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, ర్యాంకు కార్డులు నా చేతుల మీదుగానే పోతున్నాయి. సీటు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు మిఠాయి తెచ్చి పెట్టి పోతారు. రానివాళ్లు మళ్లీ కనబడరు. రానివాళ్లలో మళ్లీ వచ్చిన మనిషిని బిక్షమ్మనొక్కదాన్నే చూశాను. అది కూడా ఒకసారి కాదు, ఎనిమిది నెలల్లో ముప్పై సార్లకు తక్కువ కాకుండా వచ్చింది. ఆమె దరఖాస్తులన్నీ టైపు చేసింది నేనే. అందుకే ఈ సంగతి నాకు మొదటి నుంచి తెలుసు. నాకు తెలియని ముక్కలు ఆమే బల్ల మీద కూర్చుని చెప్పింది.

బిక్షమ్మది జాలుకుంట. మాకు ఏడు కిలోమీటర్లు. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. పెళ్లై వచ్చిన కొన్నేళ్లకే ఆ పొయ్యి ముందు కూర్చుంది, పదహారేళ్లు లేవలేదు. ఏ పిల్ల పప్పులో మిరపకాయ ఏరి పక్కన పెడుతుందో, ఏ పిల్లవాడు తన గుడ్డును జేబులో వేసుకుని ఇంట్లో చెల్లెలికి తీసుకుపోతాడో, ఏ ఇంట్లో ఆ పొద్దు పొయ్యి వెలగలేదో ఆమెకు తెలిసేది. మీసాలు వచ్చిన పిల్లవాడు ఎదురుపడినా ఏ ఏడు ఏ తరగతిలో ఉన్నాడో, ఏ వరసలో కూర్చుని తినేవాడో చెప్పేది.

ఆమె భర్త ఇస్రాయేలు నెమ్మదస్తుడు. తల్లికి సర్కారు ఇచ్చిన ఎకరం ఇరవై గుంటలకు తోడు సాయిలు పటేలు దగ్గర మూడెకరాలు కౌలుకు తీసుకుని వరి, పత్తి వేసేవాడు. వాళ్లకు ఒక్కతే బిడ్డ, మెర్సీ. తల్లి వండిన బళ్లోనే ఐదో తరగతి దాకా చదివింది. ఆ తరువాత గురుకులం, అక్కడే ఇంటర్. వ్యవసాయ డిగ్రీ చదవాలన్న ఆలోచన ఆమెకు బిక్షమ్మ అక్క కొడుకు బెంజమిన్‌ను చూసి పుట్టింది. అతను తెలంగాణ వచ్చిన ఏడే సర్కారు విశ్వవిద్యాలయంలో ఆ డిగ్రీలో చేరి, బయటికి వస్తూనే వ్యవసాయ విస్తరణ అధికారి అయ్యాడు. మెర్సీ ఎంసెట్‌కు చదవడం మొదలుపెట్టినప్పుడు మాత్రం అతను ముందే హెచ్చరించాడు. తనకు సీటు తెచ్చిన ర్యాంకుకు ఇప్పుడు కౌన్సెలింగుకు పిలుపు కూడా రాదని, ఏటేటా రాసేవాళ్లు పెరుగుతున్నారు గాని సీట్లు అక్కడక్కడే ఉన్నాయని చెప్పాడు. ఒక్క ఆశ మాత్రం ఉంది. ఆ డిగ్రీ సీట్లలో కొన్ని రైతు కోటా కింద పక్కన పెడతారు. కుటుంబం పేరు మీద కనీసం ఎకరం భూమి ఉండాలి, పిల్ల కనీసం నాలుగేళ్లు పల్లెటూరి బళ్లో చదివి ఉండాలి. మెర్సీకి రెండూ ఉన్నాయి.

2021లో మెర్సీకి మంచి ర్యాంకే వచ్చింది. జాలుకుంట బళ్లో చదివినట్టు సర్టిఫికెట్ రాసిచ్చింది హెడ్మాస్టరు పరశురాం. ఆయనది కూడా బిక్షమ్మ వాళ్ల వాడే. ఆ వాడలో మొట్టమొదట డిగ్రీ పాసైన మనిషి. మెర్సీకి పలక మీద అక్షరాలు దిద్దించింది ఆయనే. సర్టిఫికెట్ మీద గుండ్రటి ముద్ర వేసి, మెర్సీ తల మీద చెయ్యి పెట్టి, మన వాడకు పేరు తేవాలని చెప్పి పంపాడు.

ఇక్కడ సాయిలు పటేలు సంగతి చెప్పాలి. జాలుకుంటలో ముప్పై ఎకరాల ఆసామి. బిడ్డ సుచరిత చదువు కోసమని, ఆ పిల్ల నర్సరీ నాటికే భార్య అరుణమ్మను తీసుకుని హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఊళ్లో ఇంటికి తాళం. వ్యవసాయం చూసుకోవడానికి ఆయనొక్కడే వచ్చి పోయేవాడు. బడికి బెంచీలు, ప్రహరీ గోడ ఆయనే ఇప్పించాడు. ఆ బెంచీలు ఇచ్చిన పంద్రాగస్టు రోజున కుటుంబం మొత్తం వచ్చింది. జెండా ఎగరేశాక బిక్షమ్మ సేమియా పాయసం అందరికీ గ్లాసుల్లో పోసింది. తొమ్మిదేళ్ల సుచరిత కూడా వరసలో నిలబడి ఒక గ్లాసు అందుకుంది. పిల్ల మూతి దాకా పోయిన గ్లాసును అరుణమ్మ లాక్కుని, పాయసం మట్టిలో ఒంపేసి, గ్లాసు అక్కడే వదిలేసింది. పరశురాం అటు తిరిగి మైకు తీగ సర్దుకున్నాడు. బిక్షమ్మ ఆ గ్లాసు కడిగి మిగతా గ్లాసుల మీద బోర్లించింది. ఈ మాట ఆమె తొమ్మిదేళ్లు భర్తతో కూడా అనలేదు.

డిసెంబరులో కౌన్సెలింగుకు తల్లీబిడ్డలు హైదరాబాద్ పోయారు. రైతు కోటా వాళ్లను కూర్చోబెట్టిన హాల్లో రెండు వరసల ముందు సాయిలు పటేలు, సుచరిత కనిపించారు. పటేలు నవ్వి పలకరించాడు. ఫైలు విప్పి కాగితాలు సర్దుకుంటుంటే బిక్షమ్మకు ఒక గుండ్రటి ముద్ర కంటబడింది. ఆమె చదివింది మూడో తరగతే అయినా ఆ ముద్రను పోల్చుకోలేని మనిషి కాదు. పదహారేళ్లు బియ్యం సంచుల రసీదుల మీద చూసిన ముద్ర. మెర్సీని లేపి నీళ్లు తెచ్చే నెపంతో అటు పంపింది. మెర్సీ తిరిగొచ్చి చెవిలో చెప్పింది, జాలుకుంట ప్రాథమిక పాఠశాల, రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అని రాసి ఉందని.

"నువ్వు సదివింది గూడ గప్పుడే కదనే" అంది బిక్షమ్మ.

"మా క్లాసుల పద్నాలుగు మందిమి. సుచరిత అనే పిల్లే లేదు" అంది మెర్సీ.

అప్పటికి అదేమిటో వాళ్లకు పూర్తిగా అందలేదు. ఎదురుగా తెర మీద మిగిలిన సీట్ల అంకె ఒక్కొక్కటే తగ్గుతోంది. ఒక్కో ర్యాంకు పిలుస్తున్నారు, ఒక్కొక్కరు లేచి వెళ్తున్నారు. సుచరితను పిలిచినప్పుడు మూడు సీట్లున్నాయి. ఆమె తరువాత మరో ఇద్దరు పోయారు. తెర మీద సున్నా పడింది. పిలుపు రావలసిన తరువాతి ర్యాంకు మెర్సీది.

బిక్షమ్మ లేచి బల్ల దగ్గరున్న అధికారి దగ్గరికి పోయి, ఆ పటేలు బిడ్డ మా బళ్లో చదవలేదని చెప్పింది. ఆయన కాగితాలు తిరగేసి, హెడ్మాస్టరు సంతకం ఉంది, మీకు అనుమానం ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి అన్నాడు. అలా అనడంలో ఆయన తప్పేమీ లేదు. కాని ఆ 'రాతపూర్వకంగా' అన్న మాటను బిక్షమ్మ బస్సులో ఇంటికి వచ్చేదాకా నోట్లోనే తిప్పుకుంటూ కూర్చుంది. మెర్సీ కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. బిక్షమ్మకు ఏడుపు రాలేదని నాతో చెప్పింది.

మర్నాడు బళ్లో అన్నం వండి, పిల్లలకు పెట్టి, గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని పరశురాం గదిలోకి పోయింది. ఆయన దాచలేదు. పటేలు అడిగితే కాదనలేకపోయానన్నాడు. గోడ, బెంచీలు, బోరు, అన్నీ ఆయన పెట్టించినవేనన్నాడు. ఒక పేరు రిజిస్టర్‌లో ఎక్కిస్తే ఎవరికి నష్టం అనుకున్నానన్నాడు.

"ఏ దినం రాసినవు సారూ?" అని అడిగింది బిక్షమ్మ.

"మెర్సీకి రాసిచ్చిన మర్నాడు" అన్నాడు పరశురాం. "మెర్సీకి మంచి ర్యాంకున్నది, ఎట్లనన్న సీటొస్తది అనుకున్న బిక్షమ్మా."

"రాలే."

ఆమె అన్నది అంతే. ఆ సాయంత్రం నా షాపుకు వచ్చింది. బల్ల మీద కూర్చుని, ఆ సీటు మెర్సీకి రావాలని గాని, న్యాయం కావాలని గాని అడగలేదు. "అన్నా, ఆ పిల్లను ఆ కుర్చీల నుంచి లేపాలె. ఏం రాయాలె, ఎవలకు రాయాలె, చెప్పు" అంది.

నేను చెప్పాను. సమాచార హక్కు చట్టం కింద బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు అడగాలని, విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు పెట్టాలని, జిల్లా విద్యాధికారికి ఒక కాపీ ఇవ్వాలని. ఒక్కో దరఖాస్తు టైపు చేశాక గట్టిగా చదివించుకునేది. మెత్తటి మాట ఏదైనా కనబడితే తీసేయించేది. 'దయచేసి' అన్న మాటను మూడుసార్లు కొట్టేయించింది. ఒక కాపీ తనకు, ఒక కాపీ నా దగ్గర. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బియ్యం డబ్బాలో దాచేది.

మొదటి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. రిజిస్టర్‌లో సుచరిత పేరు ఉంది. ప్రతి తరగతి పేజీలో చిట్టచివర, పదిహేనో పేరుగా. పాత పేర్లన్నీ వెలిసిపోతే ఆ పేరు మాత్రం నిన్న రాసినట్టుంది. కాని రాసి ఉంది. సర్పంచు, ఇద్దరు వార్డు సభ్యులు ఆ పిల్ల ఇక్కడే చదివిందని సంతకాలు పెట్టారు. అప్పటి టీచర్లలో ఒకాయన చనిపోయాడు, ఒకామె బదిలీ అయి నాకేమీ గుర్తులేదని రాసిచ్చింది. ఫిర్యాదును కొట్టేసినట్టు ఉత్తరం వచ్చింది. అది తీసుకుని బిక్షమ్మ నా దగ్గరికి వచ్చి, దీని మీద పైన ఎవరున్నారని అడిగింది. మళ్లీ రాశాం.

పటేలు ఊరుకోలేదు. ఫిబ్రవరిలో కౌలు భూమి వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి ఇస్రాయేలు నాటు వేసి నెల దాటింది. మార్చిలో బడి కమిటీ సమావేశం పెట్టి, వంట శుభ్రంగా లేదని రాసుకుని, బిక్షమ్మను పొయ్యి దగ్గరి నుంచి తీసేశారు. ఆ తీర్మానం మీద పరశురాం సంతకం ఉంది. ఇస్రాయేలు భయపడ్డాడు. ఇద్దరం కూలికి పోయినా బతుకుతాం, కేసు వద్దని ప్రాధేయపడ్డాడు. పాస్టరు గారు వచ్చి క్షమించడం గురించి చాలాసేపు మాట్లాడాడు. బిక్షమ్మ ఆయనకు చాయ్ ఇచ్చి, అంతా విని, క్షమించమని వాళ్లు అడగలేదు కదా అయ్యగారూ అంది. ఆ ఆదివారం నుంచి చర్చిలో వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టింది, ప్రార్థన కాగానే ఎవరితో మాట్లాడకుండా లేచి వచ్చేది.

ఆమె లోపల ఏం జరుగుతోందో నేను ఆ నెలల్లో చూశాను. మనిషి చిక్కిపోయింది. కాని కళ్లు చురుగ్గా ఉండేవి. పత్తి ఏరడానికి, మిరప కోతకు పోయి వచ్చి, బస్సెక్కి నా దగ్గరికి వచ్చేది. సుచరిత హాస్టల్లో ఏ గదిలో ఉంటోందో, పరీక్షలు ఎప్పుడో అన్నీ తెలుసుకుంది. పరీక్షలు రాయనియ్యి, రాసినంక తీసేస్తే ఇంకా మంచిదని ఒకసారి అంది. ఆ పిల్ల కూడా మెర్సీ ఈడుదే కదా అన్నాను. ఈడుది కాబట్టే అని జవాబు చెప్పింది.

చివరకు జూలైలో విచారణకు వచ్చారు. విద్యాశాఖ నుంచి ఒక అధికారి, విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరమ్మ. బడి వరండాలో బల్ల వేశారు. సగం ఊరు వచ్చి నిలబడింది. ముందు రోజు బిక్షమ్మ నన్ను కూడా రమ్మని చెప్పింది, టైపు చేసినోనివి నువ్వు, కళ్లతోని సూడు అని.

పరశురాం రిజిస్టర్ తెచ్చి చూపించాడు. సాయిలు పటేలు తన బిడ్డ నాలుగేళ్లు తన తల్లి దగ్గర ఉండి ఇక్కడే చదివిందని, ఆ తరువాతే హైదరాబాద్ తీసుకుపోయానని నిదానంగా చెప్పాడు. ఆ తల్లి చనిపోయి ఆరేళ్లయింది, అడగడానికి మనిషి లేదు. సర్పంచు తల ఊపాడు. అధికారి రాసుకుంటున్నాడు. వ్యవహారం ముగిసినట్టే అనిపించింది. అప్పుడు బిక్షమ్మ లేచి, ఒక్క మాట అడగనియ్యమంది. ప్రొఫెసరమ్మ అడగమంది.

బిక్షమ్మ పటేలు వైపు చూడలేదు. పటేలు వెంట వచ్చి పక్క కుర్చీలో కూర్చున్న అరుణమ్మ ముందుకు పోయి నిలబడింది. ఎప్పుడూ అమ్మా అని పిలిచే మనిషి, ఆ రోజు పేరు పెట్టి పిలిచింది.

"అరుణమ్మా, నీ బిడ్డ గీ బడిల నాలుగేండ్లు సదివిందంటున్నరు. గట్లయితే నాలుగేండ్లు నా చేతి బువ్వ తిన్నట్టు. తిన్నదని గీ సార్ల ముంగట, ఊరి ముంగట ఒక్కసారి చెప్పు. నా ఫిర్యాదు వాపసు తీసుకుంట."

పటేలు వెంటనే అందుకుని, తినకుండా ఎట్లుంటది, అందరి పిల్లల్లెక్కనే తిన్నది అన్నాడు.

"నిన్ను అడుగుతలేను పటేలా. తల్లిని అడుగుతున్న."

అధికారి పెన్ను ఆపి అరుణమ్మ వైపు చూశాడు. అరుణమ్మ కొంగు సర్దుకుంది. బువ్వ ఇంటి నుంచి వచ్చేదని మెల్లగా అంది.

"నీళ్లు?"

"అవి గూడ ఇంటి నుంచే."

"పోనీ, పంద్రాగస్టుకు, చెబ్బిస్ జనవరికి పాయసం పోస్తుంటి. నాలుగేండ్లల్ల ఒక్క గిలాసన్న తాగిందా? తాగిందని చెప్పు. గంతే సాలు నాకు."

వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. అరుణమ్మ ముఖం ఎర్రబడింది. పటేలు, చెప్పు చెప్పు, తాగిందని చెప్పు అని పళ్ల మధ్య నుంచి అంటున్నాడు. ఆమె అతని వైపు చూసింది, ఊరి జనాన్ని చూసింది, ఎదురుగా నిలబడ్డ బిక్షమ్మను చూసింది.

"నీ చేతిది నా బిడ్డ ఎందుకు ముడుతదే?" అంది. "దాన్ని గీ బడి గడప గూడ తొక్కనియ్యలే నేను."

ఆ మాట తరువాత పటేలు ఎన్ని చెప్పినా అధికారి రాసుకోలేదు. ప్రొఫెసరమ్మ మాత్రం అరుణమ్మ అన్నదాన్ని అదే మాటల్లో రాసుకుని, కింద ఆమెతో సంతకం పెట్టమంది. పటేలు ఆపబోయాడు. ఆమె భర్త మీద కోపంతోనో, ఇంకా పొంగు తగ్గకనో పెట్టేసింది.

బిక్షమ్మ ముఖంలో నేను ఆ రోజు చూసిన తృప్తిని మళ్లీ ఏ మనిషి ముఖంలోనూ చూడలేదు. సంతోషం కాదది. ఎండాకాలం పని చేసి వచ్చి చెంబెడు నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగిన మనిషిలా ఉంది. కాగితాలు ఎన్నయినా పుట్టిస్తారు గాని ఆమె నోటితో ఆ మాట అనిపించలేరని తనకు ముందే తెలుసని తరువాత నాతో చెప్పింది. నెలల తరబడి పత్తి చేలో ఆ ఒక్క ప్రశ్ననే సాన పట్టుకుందట. ఒకవేళ అరుణమ్మ తాగిందని అంటే ఏం చేసేదానివి అని అడిగాను. నిజంగానే వాపసు తీసుకునేదాన్ని అంది. నాలుగేళ్లు తన చేతి అన్నం తిన్నదని ఊరందరి ముందు ఆమె ఒప్పుకుంటే అదే తనకు చాలునంది.

ఈ మాట అంటున్నప్పుడు మెర్సీ నా షాపులోనే, ప్రింటరు పక్కన నిలబడి ఉంది. అప్పటికి ఆమె నల్లగొండ మహిళా కళాశాలలో బీఎస్సీలో చేరి మొదటి ఏడాది చదువుతోంది. సీటు కోసం మళ్లీ ఎంసెట్ కూడా రాసింది.

"మరి నా సీటు సంగతేందమ్మా?" అంది. "ఆమె తాగిందంటే నువ్వు వాపసు తీసుకుంటుంటివి. నా కోసం చేసినవా, నీ కోసం చేసినవా?"

బిక్షమ్మ అబద్ధం చెప్పి ఉంటే ఆ పిల్ల నమ్మేది.

"మొదాలు నీ కోసమే బిడ్డా. తర్వాత తర్వాత నా కోసం."

మెర్సీ ఆ సాయంత్రం నల్లగొండ బస్సెక్కి హాస్టలుకు పోయింది. దసరా దాకా ఇంటికి రాలేదు.

జూలై నెలాఖరులో సుచరిత అడ్మిషన్ రద్దయింది. మొదటి సెమిస్టరు పరీక్షలు రాసేసింది, ఆ ఫలితాలు కూడా పోయాయి. ఆ ఉత్తరం కాపీని బిక్షమ్మ నాతో మూడు జిరాక్సులు తీయించింది. ఒకటి సర్పంచు ఇంటి గోడకు తనే అంటించి వచ్చింది. కాని ఖాళీ అయిన సీటు మెర్సీకి రాలేదు. ఆ ఏటి ప్రవేశాలు ముగిసిపోయాయని, మధ్యలో భర్తీ చేసే నియమం లేదని రాశారు. అది అలాగే ఖాళీగా ఉండిపోయింది. ఆ ఏడు మెర్సీ ఎంసెట్ ఫలితం కూడా వచ్చింది. మార్కులు ఆరు పెరిగాయి, ర్యాంకు నాలుగు వందలు వెనక్కి పోయింది. అంతమంది పెరిగారు రాసేవాళ్లు. రైతు కోటాలో కూడా ఆమె దాకా రాలేదు.

పరశురాంను సస్పెండ్ చేశారు. ఇంకో ఏడాదిన్నరలో రిటైర్ కావలసిన మనిషి. ఒక పొద్దు ఆయన భార్య బిక్షమ్మ ఇంటికి వచ్చి గడప దగ్గర కూర్చుంది. పిల్లలకు ఇంకా పెళ్లిళ్లు కాలేదని, మనవాళ్లమే మనల్ని తొక్కుకుంటే ఎట్లా అని ఏడ్చింది. పటేలు గొంతు మీద కూర్చుని రాయించాడని ఒక వాంగ్మూలం ఇస్తే శిక్ష తగ్గుతుందట, అది బిక్షమ్మ ఇవ్వాలట. బిక్షమ్మ ఆమెకు మంచినీళ్లు ఇచ్చింది. నీ మొగుడు నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టిన మర్నాడే ఆ సంతకం పెట్టాడు, పటేలు మీద నాకు కోపం, ఆయన మీద అంతకన్నా ఎక్కువ అని చెప్పి పంపేసింది. వాంగ్మూలం ఇవ్వలేదు. ఇస్రాయేలు రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు తిన్నాడు.

ఆ తరువాత ఏళ్లు మామూలుగానే గడిచాయి. పటేలు ఊరికి రావడం తగ్గించాడు. కౌలు భూమి ఇంకొకరికి పోయింది. బళ్లో ఇప్పుడు వేరే ఆమె వండుతోంది. బిక్షమ్మ తమ ఎకరం ఇరవై గుంటల్లో బోరు కింద బెండ, గోంగూర, వంకాయ వేసి వారానికి మూడు రోజులు రామన్నపేట మార్కెట్లో కూర్చుంటోంది. మెర్సీ డిగ్రీ పూర్తి చేసి, పీజీ ప్రవేశ పరీక్ష రాసి, 2024లో మహబూబ్‌నగర్‌లోని విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో సీటు తెచ్చుకుంది. ఆ దరఖాస్తు నేనే నింపాను. తల్లితో ఇప్పుడు మాట్లాడుతుంది, ఫోన్ చేస్తుంది, సెలవులకు వస్తుంది. ఆ ఎనిమిది నెలల సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు. ఫలానా ఊళ్లో ఫలానా పిల్లకు దొంగ సర్టిఫికెట్‌తో సీటు వచ్చిందని ఎవరైనా తల్లి ఏడుస్తూ వస్తే నేను మార్కెట్ వైపు చూపిస్తాను. బిక్షమ్మ కూరగాయలు పక్కామెకు అప్పజెప్పి లేచి వస్తుంది. ఇప్పటికి అలాంటివి రెండు సీట్లు లేపించింది.

నిరుడు వానాకాలంలో ఒక రోజు నేను కూరగాయలకు పోయి ఆమె పక్కన పీట మీద కూర్చున్నాను. కారు దిగి ఒక అమ్మాయి వచ్చి ఆమె గోనెపట్టా ముందు నిలబడింది. నేను గుర్తుపట్టలేదు. బిక్షమ్మ పట్టింది. సుచరిత. బెంగళూరు దగ్గర ఏదో ప్రైవేటు కాలేజీలో చదువుతోందని మాకు తెలుసు. ఆ పిల్ల వంగి బెండకాయలు ఏరుతూ, తలెత్తకుండా, తనకు ఆ సర్టిఫికెట్ సంగతి ముందు తెలియదని చెప్పింది. నాన్న ఫైలు చేతికిచ్చి కూర్చోమన్నాడని, కాలేజీలో చేరాకే తెలిసిందని, మెర్సీకి కూడా ఈ మాట చెప్పాలని ఉందని అంది. ఆ పిల్ల అబద్ధం చెబుతోందని నాకనిపించలేదు.

"చేరినంక ఎన్ని దినాలకు తెలిసింది?" అని అడిగింది బిక్షమ్మ.

"పది రోజులకు."

"తెలిసినంక ఎన్ని నెలలు కూసున్నవు ఆడ?"

సుచరిత వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "ఏడు నెలలు" అంది.

"గా ఏడు నెలలు నా బిడ్డయి. మెర్సీకి నువ్వేం చెప్పకు."

ఏరిన బెండకాయల్ని బిక్షమ్మ తక్కెడలో వేసి, ముల్లు సరిగ్గా నిలిచేదాకా ఆగి, సంచిలో పోసి ఇచ్చింది. ఆ పిల్ల డబ్బులిచ్చి కారు వైపు నడిచింది. కొంచెం మెత్తగా మాట్లాడితే ఏం పోయేదని నేను అడిగాను. బిక్షమ్మ నా వైపు కూడా చూడకుండా, వాడిన గోంగూర కట్టల మీద నీళ్లు చల్లుతూ, ఇంకో మనిషి బేరానికి వంగితే ధర చెప్పింది.